ఆరవేసిన పేర్లు

బుడమేరు వెనక్కి పోయిన రోజు
కండ్రికలో మా వీధి గోడలన్నిటికీ
ఒకే ఎత్తులో ఒక బురద గీత.
గీతకి కింద ఉన్నదేదీ మాది కాదు.
పైన మిగిలినవి గోడ గడియారం, మేకుకి తగిలించిన గొడుగు,
మాణిక్యం ఫొటో.

ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు.
గాంధీనగరంలో నా బైండింగు కొట్టు షట్టరు
అప్పట్నుంచీ పైకి లేవలేదు.
ఈ రోజుల్లో చిట్టా పుస్తకాలు ఎవరు కుట్టించుకుంటారు అనేవాణ్ణి
అడిగిన ప్రతివాడితోనూ.
అది సాకు.
మైదా జిగురు ఉడికించేది ఆవిడ,
పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎంత వేయాలో
ఆవిడ వేళ్లకే తెలుసు.

నీళ్లొచ్చిన రాత్రి డాబా మీద కూర్చుని
పోనీలే, ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నాను.
అనుకోకూడని మాట.
అనుకున్నాను.

బురద ఎత్తిపోస్తుంటే ఎదురింటి షాహీన్ వచ్చింది.
రెండు చేతుల్లో పట్టుకుని, పక్షిపిల్లని తెచ్చినట్టు
ఒక తడి ముద్ద.
పదో తరగతి మార్కులు, ఇంటరు మార్కులు,
వాళ్ల నాన్న మరణ ధ్రువపత్రం
ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే అట్ట అయిపోయాయి.
"విడదీస్తుంటే చిరుగుతోంది తాతా,
సోమవారం నర్సింగు కాలేజీలో చూపించాలి."

"లాగకు," అన్నాను.
ఏడు నెలల్లో నా నోటినుంచి వచ్చిన
పనికొచ్చే మాట అదొక్కటే.

మంచినీళ్ల పళ్లెంలో పెట్టి బురద వదిలించాలి.
అంచు తనంతట తాను లేచేదాకా ఆగాలి.
లేచాక వెదురు బద్ద, ఊపిరి బిగబట్టి.
కింద పాత పేపరు, పైన పాత పేపరు,
ముఖానికి రాసుకునే పౌడరు ఒక చిటికెడు,
ఫ్యాను ఒకటో నంబరు మీద.
ఎండలో పెట్టావా, అప్పడమే.

మర్నాటికి చర్చి మేడమీద హాలు ఇచ్చారు.
ఆటో ఏసురత్నం బండి కాగితాలు తెచ్చాడు.
లాంబాడీ పేట నుంచి ఒకావిడ ఇంటి పట్టా,
రొమ్ముకి అదుముకుని, నాకివ్వడానికే భయపడుతూ.
చిట్టీలు కట్టే సామ్రాజ్యం పద్దుల పుస్తకం తెచ్చి
"నా బాకీ ఉన్న పేజీ ఆరకపోయినా పర్లేదన్నయ్యా" అంది.
వారం తర్వాత ఆ హాల్లో
జనం నవ్వడం అప్పుడే విన్నాను.

ఇద్దరు ఇంజనీరింగు కుర్రాళ్లు జుట్టు ఆరబెట్టే మిషను తెస్తే
తిట్టి కింద పెట్టించాను.
సాయంత్రానికి వాళ్లే
నాకంటే ఓపిగ్గా అంచులు లేపుతున్నారు.
కిటికీ నుంచి కిటికీకి తాళ్లు, బట్టల క్లిప్పులు,
తాళ్ల మీద పేటపేటంతా
ఇంటిపేర్లతో సహా ఊగుతోంది.
రాత్రి పదకొండుకి ఇంటికెళ్లి
తిన్నానో లేదో గుర్తులేకుండా పడుకున్నాను.
నిద్ర పట్టింది. అది రాసుకోవాలి.

నాలుగో రోజు షాహీన్ అడిగింది,
"మీవి ఏవీ తేలేదేంటి తాతా?"

ట్రంకుపెట్టె తాళం ఇంకా తీయలేదని చెప్పలేదు.
తీశాను ఆ రాత్రి.
పెళ్లి ఫొటో పోయింది, పోవాల్సిందే.
అడుగున ఆవిడ లెక్కల నోటుబుక్కు
ఇటికలా బిగుసుకుని.
హాలుకి తెచ్చి, అంత తెలిసినవాణ్ణి,
గోటితో అట్ట పట్టుకుని లాగబోయాను.

"లాగకు తాతా," అంది షాహీన్,
నా చేతిలోంచి తీసుకుని నీళ్ల పళ్లెం వైపు నడుస్తూ.

నీళ్లు నీలంగా మారాయి.
సిరాదో, మైలుతుత్తానిదో తెలీలేదు.
పాయకాపురం వాళ్ల మూటలు నలభై
మెట్ల మీద ఎదురుచూస్తున్నాయి.
జిగురుకి ఎసరు పెట్టమన్నాను,
కొలత నేనే చూస్తానని.